లెక్కలకెక్కని వంశములు
(తెలంగాణపు పటకథలను గూర్చి)

మన దేశమున వంశావళులను నిలిపియుంచుటకు పూర్వులు పలు వస్తువులను వాడిరి. రాజులు రాగిరేకులపై చెక్కించిరి. కరణములు తాటాకులమీదను, కాగితపు కవిలెలలోను వ్రాసిరి. రాగియు కాగితమును దక్కని శ్రమజీవులు గుడ్డపై బొమ్మలు వ్రాయించుకొనిరి. మొదటి రెండింటిని చరిత్రకారులు శ్రద్ధతో చదివి, తప్పొప్పులు నిర్ణయించి, గ్రంథములుగా ప్రకటించిరి. మూడవదానిని చాలకాలము వినోదముగా మాత్రమే చూచిరి. ఈ రజతోత్సవ సంచికలో ఆ మూడవదానిని గూర్చి నాలుగు మాటలు విన్నవించుట నా యుద్దేశము. గ్రామపు లెక్కలు వ్రాయుచు, తీరిక వేళల మన గ్రంథాలయములోని ప్రాచీన కావ్యములను స్వయముగా చదువుకొన్నవాడనే కాని నేను పండితుడను గాను. చదువరులు దోషములను మన్నించి గుణమును గ్రహింతురు గాక.

తెలంగాణమున పెక్కు కులములకు ఒక్కొక్క కులపురాణము కలదు. దానిని ఆ కులమువారు తాము చెప్పుకొనరు. చెప్పుటకు వారిని ఆశ్రయించి జీవించు వేరొక తెగ యుండును. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమను పేర భావనాఋషి కథను చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును, రజకులకు పటమువారు మడేలు పురాణమును, గౌడులకు గౌడజెట్టీలు గౌడపురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను చెప్పుదురు. కథ చెప్పునప్పుడు వెనుక ఒక పొడవైన బొమ్మల గుడ్డను వ్రేలాడదీసి, కోలతో బొమ్మను చూపుచు పాడుదురు. ఆ గుడ్డయే పటము. అందలి కథ మొదటినుండి తుదివరకు ఒక కులమువారి పుట్టుకను, వారి మూలపురుషుని, అతని పెండ్లిని, సంతానమును, వృత్తిని తెలుపునది. ఒక్క మాటలో చెప్పవలెనన్న అది కల్పించిన వంశచరిత్ర.

పటము తయారగు విధము తెలిసికొనదగినది. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల యీ పనికి ప్రసిద్ధి కెక్కిన యూరు. అచ్చటి చిత్రకారులను నకాషీలందురు. ముతక ఖద్దరు గుడ్డను తీసికొని, దానికి గంజియు, సుద్దమట్టియు, చింతగింజల అంబలియు, జిగురును కలిపి పూత పూయుదురు. పూత ఆరిన పిదప మరల పూయుదురు. ఇట్లు రెండు మూడు మారులు చేయగా గుడ్డ బిగిసి, నునుపెక్కి, చుట్టినను విప్పినను పగులక రంగును పట్టి నిలుపుకొనును. ఉడుత వెంట్రుకల కుంచెతో మొదట రూపురేఖలను గీసి, వెనుకటి నేలనంతయు ఎఱ్ఱగా నింపుదురు. ఆ యెఱుపే యీ పటములకు గుర్తు. తరువాత పసుపు, నీలము, తెలుపు మున్నగు వన్నెలు నింపి, తుదకు నల్లని గీతతో కన్నులు, కనుబొమలు, నగలు, చీరల అంచులు తీర్తురు. పూర్వము రంగులన్నియు రాళ్ళనుండి, మట్టినుండి, శంఖములనుండి, దీపపు మసినుండి చేసికొనెడివారు. నేడు అంగడి రంగులును వాడుకలోనికి వచ్చినవి.

పటము వెడల్పు ఇంచుమించు గజము. పొడవు పది గజములు మొదలు ఇరువది గజముల వరకును ఉండును. బొమ్మలు అడ్డముగా వరుసలు వరుసలుగా నుండును. వరుసకు వరుసకు నడుమ పూలతీగల అంచు ఉండును. మొదటి వరుసలలో విఘ్నేశ్వరుడును సరస్వతియు నుందురు. పటమును కఱ్ఱకు చుట్టియుంచి, కథ సాగుచున్నకొలది క్రమముగా విప్పుదురు. కావున ప్రేక్షకునకు ముందు రాబోవు బొమ్మ కానరాదు. పెద్ద పటమును పూర్తిగా చెప్పుటకు కొన్ని రాత్రులు పట్టును. వాద్యముల తోడ ప్రధాన కథకుడు పాడుచు, వచనము చెప్పుచు, వంతలవారితో సంభాషించుచు కథను నడుపును.

ఇందొక విశేషము కలదు. చిత్రకారుడు ఆ కులమువాడు గాడు. కథకుడు చిత్రము వ్రాయడు. ఎవరి చరిత్ర వ్రాయబడుచున్నదో వారు వ్రాయనూ వ్రాయరు, పాడనూ పాడరు. కథకుడు తన కథను చెప్పగా నకాషీ విని వరుస ఏర్పరచుకొని వ్రాయును. కులమువారు వినికిడికి ప్రతిఫలము నిత్తురు. దస్తావేజునకు వ్రాసినవాడు, ఒప్పుకొన్నవాడు, సాక్షి అని ముగ్గురుందురు గదా! అట్లే పటమునకును ముగ్గురు కలరు. ఈ ముగ్గురిలో ఏ యొక్కడును తనంతట కథను మార్చుటకు వీలులేదు. ప్రాచీన పటములకును అర్వాచీన పటములకును వరుసలో ఇంత పోలిక యుండుటకు ఇది యొక కారణమని నా తలంపు. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా సంగ్రహాలయములో 17వ శతాబ్దమునాటి తెలంగాణ పటము కలదు. అనగా ఈ సంప్రదాయము గోలకొండ సుల్తానుల నాడే స్థిరపడియుండెను.

ఇక కథలను పరిశీలింతము. పద్మశాలీల పటమును మొదట తీసికొందము. దేవతలకు కట్టుకొన వస్త్రములు లేకుండెను. వారి కొఱత తీర్చుటకై మార్కండేయ మహర్షి యజ్ఞము చేసెను. హోమగుండమునుండి భావనాఋషి, విష్ణునాభి కమలపు తంతువులతో నైన నూలు చేతబూని, వెలువడెను. అతడు వస్త్రములు నేసి దేవతల కిచ్చెను. సూర్యుని కుమార్తెయగు భద్రావతిని పెండ్లాడెను. పులిని వాహనముగా చేసికొనెను. కాలవాసురుడను రక్కసుని చంపి, వాని రక్తమునుండి బట్టలకు రంగులు సమకూర్చుకొనెను. అతని సంతానమునుండి 101 గోత్రములు కలిగెను. ఇదియే కథాసారము.

మార్కండేయ పురాణమును తెలుగున మొదట రచించినవాడు మారన. ప్రతాపరుద్రుని సేనాని యగు గన్నయకు అంకితముగా అతడు దానిని రచించెను. ఆ గ్రంథమును తుదముట్ట వెదకినను మగ్గము కానరాదు, భావనాఋషియు కానరాడు. సంస్కృత మూలమునను లేడు. అందుచేత కూనపులివారి కథ అబద్ధమని త్రోసివేయుటకు మనము తొందరపడుదుము. కాని యిచ్చట ఒక మాట. అదే మారన గ్రంథములోని చిన్న కథను గైకొని, అల్లసాని పెద్దన వరూధినీ ప్రవరులను మన కన్నుల యెదుట నిలిపి, స్వారోచిష మనుసంభవమును మహాకావ్యముగా పెంచెను. పెంచినందుకు మనమాతనిని ఆంధ్రకవితాపితామహుడని కొనియాడితిమి. పేరుగల కవి పెంచినచో ప్రబంధమనియు, పేరులేని కథకుడు పెంచినచో కట్టుకథయనియు ననుట న్యాయము గాదు.

అదియునుగాక, వంశములను కల్పించుట పేదల విద్య మాత్రమే కాదు. రాగిరేకులను చూడుడు. తూర్పు చాళుక్య రాజ్యమును స్థాపించిన కుబ్జ విష్ణువర్ధనుడు బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశికి తమ్ముడు. 7వ శతాబ్దమువాడు. ఇది నిశ్చితమైన చరిత్ర. కాని 1011లో విమలాదిత్యుడు వేయించిన రణస్తిపూండి శాసనములో వంశకథ వేరు విధముగా నున్నది. అందు వంశము చంద్రునినుండి దిగివచ్చును. అయోధ్యలో 59 మంది చక్రవర్తులు రాజ్యమేలుదురు. ఆ వంశజుడగు విజయాదిత్యుడు దక్షిణాపథమునకు దండెత్తివచ్చి త్రిలోచన పల్లవునితో పోరి మడియును. గర్భవతి యగు రాణి ముడివేమను అగ్రహారమున విష్ణుభట్ట సోమయాజి రక్షణలో కొడుకును కని, విష్ణువర్ధనుడను పేరిడి పెంచును. ఎంత చక్కని కథ! కాని తొలి చాళుక్య శాసనములలో ఈ కథ జాడయే లేదు. రాజ్యస్థాపనకు నాలుగువందల యేండ్ల తరువాత ఆస్థాన పండితులు దీనిని సమకూర్చిరి.

కాకతీయుల మాట కొంత భిన్నము. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారము చెఱువు శాసనము దుర్జయ కులమును, కాకతి యందలి వెన్నభూపాలుని మాత్రమే మూలముగా చెప్పుచున్నది. మరికొన్ని శాసనములు కాకతీయులను చతుర్థకులజులని నిస్సంకోచముగా పేర్కొనుచున్నవి. కాని గణపతిదేవుడే 1244–45లో వేయించిన మోటుపల్లి శాసనము వారిని సూర్యవంశమున చేర్చి, ఇక్ష్వాకువును రఘురాములను పూర్వులుగా చూపుచున్నది. మోటుపల్లి విదేశముల ఓడలు వచ్చు రేవు. దూరదేశపు వర్తకులు చదువు శాసనములో రాజు తన వంశమును సూర్యునివరకును సాగదీసెను. విజయనగరపు తుళువ రాజులును తుర్వసునిద్వారా చంద్రవంశమును తమదిగా చెప్పుకొనిరి. ఇవన్నియు రాగిమీద, ఱాతిమీద నుండుటచే మన పాఠ్యగ్రంథములలో చోటు సంపాదించినవి. భావనాఋషి గుడ్డమీద నుండుటచే వీధిలో నిలిచిపోయెను.

కాగితముమీద వ్రాసినవారి సంగతియు చెప్పకతప్పదు. కర్నలు మెకంజీ దొర కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మున్నగు వారి సహాయముతో గ్రామ గ్రామమున కైఫీయతులను సేకరింపజేసెను. మెకంజీ 1821లో మరణించెను. ఆ కైఫీయతులు చాలభాగము కరణముల దండకవిలెలనుండి ఎత్తి వ్రాసినవే. అందు భూముల కొలతలు, పన్నులు, చెఱువుల గట్లు మున్నగు విషయములు మిక్కిలి నమ్మదగినవి. కాని గ్రామము పుట్టుకకు వచ్చుసరికి, అనేక కైఫీయతులు ముక్కంటి పల్లవుని యొద్దకో కృతయుగమునకో పోవును. ముక్కంటి యనగా ఆ త్రిలోచన పల్లవుడే. రాజు కథలో శత్రువైన పాత్ర కరణముల కథలో దాతయయ్యెను. కావున రాగి, కాగితము, గుడ్డ యను మూడింటిలో కల్పన లేనిది యేదియు లేదు. భేదము కల్పనయందు కాదు, దానివలన సాధింపదలచిన ప్రయోజనమునందు.

రాజు తన వంశమును కల్పించుకొన్నపుడు కోరినది యేమి? ఏలుటకు అర్హత. చంద్రుడు, ఇక్ష్వాకువు, రఘువు అని పేరులు వచ్చును గాని, ఆ వంశమున ఎవడేని ఒక పనిముట్టు పట్టినట్లు కానరాదు, కత్తి తప్ప. పటములోని మూలపురుషుడు అట్లు గాదు. అతడు పని చేయుటకే పుట్టును. భావనాఋషి నూలుతోనే జన్మించెను. దేవతలు వస్త్రము లేక అతని వాకిట నిలిచిరి. మడేలు పురాణమున వీరభద్రుడే రజకులకు మూలపురుషుడు. దక్షయజ్ఞ ధ్వంసమున రక్తసిక్తములైన వస్త్రములను ఉతుకవలసిన పని అతనిపై పడెను. మైల బట్టలు ముట్టువాడు తక్కువవాడని లోకము చెప్పగా, ఆ మైల దేవతల యుద్ధములో అంటినదనియు, దానిని పోగొట్టుటకు శివుని జటనుండి పుట్టిన వీరుడే కావలసివచ్చెననియు పటము బదులు చెప్పుచున్నది. ఇది వట్టి కథ కాదు. అవమానమునకు చెప్పిన సమాధానము.

జాంబపురాణము ఇంకను ఆలోచింపదగినది. అందు ఆదిజాంబవుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. బ్రహ్మకంటెను పెద్దవాడు. మూలపురుషుడుగా ఎందరో ఋషులుండగా జాంబవంతునే యేల గ్రహించిరి? వాల్మీకి రామాయణమున కిష్కింధాకాండ తుదిని, సముద్రలంఘనమునకు ఎవరెవరి శక్తి యెంతయని చర్చ జరిగినపుడు, జాంబవంతుడు తన యౌవనమున త్రివిక్రముని చుట్టును ప్రదక్షిణము చేసితినని చెప్పును. అచ్చట నున్న వారందరికంటె వృద్ధుడు అతడే. భాగవతము అష్టమ స్కంధమున మరియొక ముచ్చట కలదు. వామనుడు త్రివిక్రముడై లోకముల నాక్రమించిన వేళ, ఆ విజయమును భేరి మ్రోగించి దిక్కులన్నిట చాటినవాడు జాంబవంతుడే. చర్మవాద్యము మ్రోగించి ఊరికి వార్త చాటు వృత్తిగలవారు, పురాణములలో ఆ పని చేసినవానిని, అందరికంటె పెద్దవానిని, తమ తాతగా ఎన్నుకొనిరి. ఇది నా యూహయే యైనను, ఆ కథ కల్పించినవారు పురాణములను తెలియని పామరులు గారని నమ్ముటకు ఇది చాలును. ఎంత వెదకి యెంత సరిగా ఎన్నుకొనిరో చూడుడు!

ఇట్లని పటమును కేవలము పొగడి విడుచుట చరిత్రకు న్యాయము గాదు. పటము ఒక చేత గౌరవమునిచ్చి వేరొక చేత సంకెల వేయును. అందరికంటె ముందు పుట్టిన జాంబవుని సంతతి ఊరి వెలుపల ఏల నున్నది? ఆ ప్రశ్నకు జాంబపురాణము ఒక దేవధేనువు కథను చెప్పును. దాని మాంసము వండునపుడు జరిగిన యొక అపరాధముచే పెద్దవారు క్రిందివారైరట. అనగా అన్యాయమును చేసినది లోకము కాదు, పూర్వుడొకడు చేసిన తప్పే దానికి కారణమని ఆ కథ అంగీకరించును. మడేలు కథయు అట్లే. ఉతుకుట వీరభద్రునికి గౌరవమగునో శిక్షయగునో తేల్చి చెప్పదు. భావనాఋషి వంశమున పుట్టినవాడు మగ్గమును విడుచుట పాపమన్న భావమును పద్మశాలి పటము లోలోపల నాటుచున్నది. తండ్రి పనియే కొడుకు పని కావలెనన్న కట్టుబాటునకు బొమ్మలు పూసిన గుడ్డయు ఒక గోడయయ్యెను. పటమును పూజించువారును, పరిహసించువారును ఈ రెండు ముఖములను కలిపి చూడరు. చూచినపుడే అది మనకు చరిత్ర యగును.

పటములో కల్పన కానిది మరియొకటి కలదు. అది మిరాసి. కూనపులివారి ప్రతి కుటుంబమునకు కొన్ని గ్రామములపై హక్కు ఉండును. ఆ గ్రామములలోని పద్మశాలీల యొద్ద కథ చెప్పి, ఏర్పాటైన కట్నమును పుచ్చుకొను హక్కు వారిదే. వేరొక కుటుంబము వచ్చి చెప్పరాదు. తాము వేరొక కులమును యాచింపరాదు. తండ్రి గతించిన పిదప కొడుకులు పొలమును పంచుకొన్నట్లే గ్రామములను పంచుకొందురు. అవసరము వచ్చినపుడు తాకట్టు పెట్టుటయు కలదు. ఆశ్రిత కులములలో కొందరి యొద్ద తమ హక్కును తెలుపు తామ్రపత్రములును కలవు. పటము ఎవరి యొద్ద నుండునో వారే హక్కుదారులు. పంటల అనంతరము వారు బయలుదేరి ఊరూర తిరుగుచు, గోత్రములను చదివి, ఇంటింటి పెద్దల పేరులను స్మరింతురు. భావనాఋషికి 101 గోత్రములు కలిగినమాట నమ్మవచ్చును, మానవచ్చును. కాని ఏ యూరిలో ఏ గోత్రమువారు ఎన్ని యిండ్లుండిరో, ఎవరు వలస పోయిరో, కథకునకు తెలిసినంత వేరెవరికి తెలియదు. పైన దేవతల కథ, క్రింద మనుష్యుల లెక్క. పై భాగము కల్పితము, క్రింది భాగము యథార్థము. క్రింది లెక్కను కాపాడుటకే పై కథ పుట్టినదా యనిపించును.

వృత్తిచే లెక్కలు వ్రాయువాడనగుటచే ఈ విషయము నా మనస్సును బాగుగా తాకినది. కరణీకములు 1984లో రద్దయినను, లెక్కలు వ్రాయుట రద్దు కాలేదు. తాటాకు పోయి కాగితము, కాగితము పోయి యంత్రము వచ్చినది. కాని లెక్క స్వభావము మారలేదు. పహాణీలో ముందు సర్వే నంబరు ఉండును, తరువాత మనుష్యుడుండును. నేల లేనివానికి నంబరు లేదు. నంబరు లేనివానికి పహాణీలో పంక్తి లేదు. వారసత్వపు తగవు వచ్చినపుడు భూమి గల కుటుంబమునకు మూడు నాలుగు తరముల వంశవృక్షమును లెక్కలనుండి ఎత్తి చూపవచ్చును. ఊరి బట్టలన్నియు ఉతికిన కుటుంబమునకు, ఊరి చావులన్నిటికి డప్పు మ్రోగించిన కుటుంబమునకు, తాత పేరైనను పాత లెక్కలలో దొరకుట దుర్లభము. వారు ఊర లేకపోయిరా? ఉండిరి. లెక్కలకెక్కలేదు, అంతియే. అట్టివారికి వంశము కలదని సాక్ష్యము చెప్పినది ఈ గుడ్డ యొక్కటే. అందు వ్రాసిన తాత కల్పితుడు కావచ్చును. కాని వారికిని ఒక తాత యుండెనన్నమాట సత్యము. ఆ సత్యమును వ్రాయని లెక్క, అంకెలన్నియు సరిపోయినను, అసమగ్రమే.

పటము ప్రాబల్యము తగ్గుటకు కారణములు పెక్కు. 1901 జనాభా లెక్కలలో రిస్లీ దొర కులములను సామాజిక ప్రతిష్ఠను బట్టి హెచ్చుతగ్గులుగా వరుసపెట్టించుటతో, దేశమంతట కులసభలు తమ స్థానమును పెంచుమని అర్జీలు పంపసాగెను. అర్జీకి బొమ్మల గుడ్డ పనికిరాదు, అచ్చుపుస్తకము కావలెను. అందుచే కులచరిత్రలు అచ్చుగా వెలువడినవి. అందలి కల్పన పటములోని కల్పనకు తీసిపోదు. కాని పటములో మూలపురుషుని చేతనున్న పనిముట్టు ఈ పుస్తకములలో పలుమారు జారిపోయి, దానికి బదులు కత్తియో జందెమో వచ్చి చేరినది. పనివాడు తన పనిచే పూజ్యుడనుటకు మారుగా, పూర్వము తాను పనివాడను గానని చెప్పుకొనవలసివచ్చెను. ఇది నష్టమే యని నా యభిప్రాయము. తరువాత మరమగ్గములు వచ్చి చేనేత క్షీణించెను. కట్నమిచ్చు పద్మశాలీలే బొంబాయికి, షోలాపురమునకు, భివండికి, సూరతునకు వలసపోయిరి. పోషకుడు లేని కథకుడు కూలికి పోయెను. చలనచిత్రము, దూరదర్శనము మిగిలిన రాత్రులను తీసికొన్నవి.

చేర్యాల నకాషీలు మాత్రము తమ కళను విడువలేదు. పొడవైన పటములను వ్రాయించువారు తగ్గగా, గోడకు తగిలించు చిన్న చిత్రములను, ముఖపు బొమ్మలను చేసి నగరములలో అమ్ముచున్నారు. వారి ప్రతిభకు ప్రభుత్వ పురస్కారములును లభించినవి. ఇది సంతోషింపదగినదే. అయినను పటమునుండి ఒక్క వరుసను కత్తిరించి చట్టమున బిగించినపుడు, బొమ్మ మిగులును గాని వంశము మిగులదు. అది యెవరి కథయో, ఎవరు చెప్పవలెనో, ఎవరు వినవలెనో చెప్పువారు ప్రక్కన లేరు. పటమునకు సగము గుడ్డ, సగము గొంతు. గుడ్డను కొనవచ్చును, గొంతును కొనలేము.

మరియొక చిక్కు కలదు. జీర్ణించిన పటమును కథకులు పాతబట్టవలె పారవేయరు. దానికి మర్యాదలు జరిపి నదిలో విడుతురు. దేవతలున్న గుడ్డకు అది తగిన అంత్యక్రియ. దానిని కాదనుటకు మనకధికారము లేదు. కాని రాగిరేకులు మన్నులో వేయేండ్లు దాగి బయటపడునట్లు పటము బయటపడదు. నీటిలో విడిచిన పటము తిరిగి రాదు. క్రొత్తది వ్రాయించు శక్తి కథకునికి ఉన్నంతకాలము దీనివలన హాని లేకుండెను. పాతదానిని చూచి క్రొత్తది వ్రాసెడివారు. ఇప్పుడు క్రొత్తది లేకయే పాతది పోవుచున్నది.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించినపుడు, రాజుల యుద్ధములు మాత్రమే చరిత్ర కాదనియు, ప్రజలు తిన్నదియు, కట్టినదియు, ఆడినదియు చరిత్రయే యనియు మనకు మార్గము చూపిరి. ఆ మార్గమున నడచుటకు పెద్ద విశ్వవిద్యాలయమే కావలెనని లేదు. ఒక గ్రామ గ్రంథాలయము చేయగలిగినది కొంత కలదు. కథకులు మన ప్రాంతమునకు వచ్చినపుడు వారి అనుమతితో పాటను శబ్దయంత్రమున పట్టి, ఒక పుస్తకమున యథాతథముగా వ్రాయించవలెను. సంస్కరించుట, వ్యాకరణము దిద్దుట కూడదు. వారి పటమును వరుస వరుసకు ఛాయాచిత్రము తీయించవలెను. పటమును వారి చేతినుండి కొని మన బీరువాలో పెట్టుట తగదు. అది వారి భుక్తి, వారి హక్కు పత్రము. వారికి మిరాసిగా ఏ యే గ్రామములున్నవో, ఏ యింటి గోత్రము ఏమని వారు చదివిరో పట్టికగా వ్రాసికొనవలెను. దేవతల కథను నమ్ముటయు మానుటయు చదువరి ఇష్టము. పట్టికను మాత్రము పోగొట్టుకొనరాదు. ఈ పనికి ఒక లావు పుస్తకమును, కొంత ఓపికయును తప్ప వేరు వ్యయము లేదు. గ్రామమున వ్రాయనేర్చిన యువకులకు కొఱత లేదు.

వంశము కల్పించుకొనుట మనుష్యుని దుర్బలత కాదు, అవసరము. నేను ఎవడను, ఎక్కడనుండి వచ్చితిని అను ప్రశ్న రాజునకును రజకునకును ఒక్కటే. రాజు దానికి చంద్రుని చూపెను, రజకుడు వీరభద్రుని చూపెను. రాజు చెప్పిన సమాధానమును మనము భద్రపరచితిమి. రజకుని సమాధానమును ఏటిలో కలియనిచ్చితిమి. ఇరువది యైదు సంవత్సరములుగా ఈ గ్రామపు పెద్దలకు పిన్నలకు అక్షరభిక్ష పెట్టిన మన గ్రంథాలయము రానున్న యేండ్లలో ఈ రెండవ సమాధానమునకును ఒక అరను కేటాయించునని నమ్ముచున్నాను. గ్రంథాలయమునకు శుభము కలుగుగాక.